ఒక డిస్కు, రెండు పేర్లు

బస్తర్‌లో జగార్ వేడుకకు గురుమాయిలనే గాయనులు హల్బీ భాషలో రోజుల తరబడి కథ పాడతారు. వారి వాద్యం ధన్‌కుల్: కుండ మీద చేట, చేట మీద విల్లు. గాట్లున్న విల్లు కర్రను వెదురుపుల్లతో గీస్తే కుండ గుమ్మని మోగుతుంది. ఆ మోత లేనిదే పాట లేదు.

మరి రాక్ సంగీతంలో? 1977లో లండన్‌లో ‘ది పోలీస్’ బృందం ఏర్పడింది. స్టింగ్ గాయకుడు, ఆండీ సమ్మర్స్‌ది గిటార్, స్టువర్ట్ కోప్లాండ్‌ది డ్రమ్స్. తరువాత స్టింగ్ విడిగా పాడి పేరు తెచ్చుకున్నారు. ఈ రెండు దశల మేటి పాటలనూ కలిపి 1997లో ఒక సంకలనం వెలువడింది. అట్ట మీద ముందు స్టింగ్, ఆ తరువాతే పోలీస్! వరసగా వింటే అంతా ఒకే గొంతు. వాయించిన చేతులు మారిన సంగతి చప్పున తట్టదు.

1983 నాటి ‘ఎవ్రీ బ్రెత్ యు టేక్’నే తీసుకోండి. రచయితగా స్టింగ్ ఒక్కరి పేరే ఉంది. వినగానే పాటను గుర్తుపట్టించే గిటార్ వరస మాత్రం సమ్మర్స్‌ది. 2025లో సమ్మర్స్, కోప్లాండ్ రాయల్టీల విషయమై లండన్ హైకోర్టుకెక్కారు.

జగార్‌ను ఎవరైనా డిస్కుగా తెస్తే, ముఖ్య గురుమాయి పేరుతోపాటు పక్కన కూర్చుని వంత పాడిన గురుమాయి పేరు కూడా అట్ట మీద వేయాలంటాను.