నందాదీపమునకు నూనె పోసినవారు

(గంభీరావుపేటలో గ్రామచరిత్రమును గూర్చి జరిగిన సభయందు మేము చేసిన ప్రసంగపాఠము)



ఈ యూరి పూర్వస్మృతిని నిలుపుకొను మార్గమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మీరు మమ్ము పిలిచినారు. పత్రికలవారికి ఉపదేశము సులభమైన పని. కాని మీ సీతారామస్వామి యాలయమునకు పోయి అచ్చటి నందాదీపమును చూచి వచ్చిన పిమ్మట, మేము వ్రాసికొని తెచ్చిన దానిలో సగము కొట్టివేసితిమి. ఆ యాలయము కాకతీయ ప్రతాపరుద్రుని కాలపుదని ప్రతీతి. అందలి దీపము ఏడువందల యేండ్లుగా కొండెక్కలేదని మీ తాతలు చెప్పిరి. మీరును మీ బిడ్డలకు చెప్పుచున్నారు.

ఆ దీపమును మొదట వెలిగించినది రాజే కావచ్చును. కాని యొకనాడు వెలిగించినంతమాత్రమున ఏ దీపమును వందలయేండ్లు నిలువదు. ప్రతిదినము ఎవరో నూనె పోసినారు. ఎవరో వత్తి యెగద్రోసినారు. కాకతీయులు పోయిరి, బహమనీలు పోయిరి, కుతుబుషాహీలు పోయిరి, అసఫుజాహీలు పోయిరి. నూనె పోసిన చేయి మాత్రము ఈ యూరిలోనే యుండెను. ఆ చేతులలో ఎన్నింటి పేర్లు శాసనములకెక్కినవి? వెలిగించినవానిని చరిత్ర తలచినది, నిలిపినవారిని మరచినది. మేము ఈ దినము చెప్పదలచినది ఇంతే: స్మరణమనగా విగ్రహము నిలిపి పూలదండ వేసి పోవుట కాదు, నిత్యము నూనె పోయుట. ఆ పని ఊరిదే కాని సర్కారుది కాదు.

సర్కారుల స్మరణ యెట్టిదో మీరెరుగుదురు. 1948 సెప్టెంబరు 17వ తేదీన నిజాము లొంగిపోయెను. ఆ దినమునకు నేడు ఎన్ని పేర్లు! కొందరు విమోచనమనిరి, కొందరు విలీనమనిరి. 2022లో కేంద్రప్రభుత్వము హైదరాబాదు విమోచనదినమని ఉత్సవము చేయగా, అదే దినమున రాష్ట్రప్రభుత్వము జాతీయ సమైక్యతా దినమని చేసినది. 2024లో రాష్ట్రప్రభుత్వమే దానికి ప్రజాపాలన దినోత్సవమని పేరిడినది. ప్రభుత్వము మారినపుడెల్ల పేరు మారును. పేరును గూర్చి వాదించువారు వాదింపనిండు. వాదమున తప్పు లేదు. కాని మాకొక సంశయము కలదు. ఆ సెప్టెంబరు మాసమున ఈ గంభీరావుపేటలో ఏ యింట పొయ్యి వెలిగినది, ఏ యింటివారు అడవిపట్టినారు, రజాకారుల భయమున ఎవరు ఎవరిని దాచినారు, పోలీసుచర్య తరువాత ఎవరు ఎవరికి భయపడినారు, ఈ సంగతులను వ్రాసికొన్న పుస్తకము ఈ యూర నొక్కటైన కలదా? నాడు పదునైదేండ్ల బాలుడు నేడు తొంబదియేండ్లు దాటిన వృద్ధుడు. అట్టివారు ఊరికి ఒకరిద్దరు మిగిలియున్న నదియే భాగ్యము. ఒక్కొక్క వృద్ధుడు కన్నుమూసినపుడెల్ల ఒక్కొక్క గ్రంథాలయము తగులబడుచున్నది. ఆ మంటను మనము చూచుట లేదు.

ఈ ప్రాంతమునకు చరిత్ర లేదని తలంపకుడు. మానేటి దిగువన సిరిసిల్లలో 1935లో నాలుగవ ఆంధ్రమహాసభ జరిగినది. మాడపాటి హనుమంతరావుగారు అధ్యక్షులు. దానితోడనే జరిగిన మహిళాసభకు మాడపాటి మాణిక్యాంబగారు అధ్యక్షత వహించిరి. పదునాలుగేండ్ల క్రిందట, 1921లో, హైదరాబాదు నగరమున నొక సభలో తెలుగున మాటాడబోయిన వానిని అపహసించి కూర్చుండబెట్టిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. ఆ సంఘమే పెరిగి మహాసభయై, మగ్గముల యూరికి వచ్చి, మాతృభాషను గూర్చియు, వెట్టిచాకిరిని గూర్చియు తెలుగుననే మాటాడినది. ఆ సభకు ఈ గ్రామములనుండి బండ్లు కట్టుకొని ఎవరైన పోయినారా? పోయినచో తిరిగివచ్చి ఏమి చెప్పినారు? ఈ ప్రశ్నలకు ప్రత్యుత్తరము హైదరాబాదు గ్రంథాలయములలో దొరకదు. దొరకినచో మీ యిండ్లలోనే దొరకవలెను.

ఇక అనభేరి ప్రభాకరరావుగారి పేరు వినని వారు ఈ సభలో ఉండరు. 1948 మార్చి 14వ తేదీన హుస్నాబాదు దగ్గరి మహమ్మదాపురము గుట్టలలో, సింగిరెడ్డి భూపతిరెడ్డిగారు మొదలగు సహచరులతో కూడ ఆయన ప్రాణములర్పించినారు. ఏటేట ఆ దినమున వారిని తలచుచున్నారు, తలచుట ధర్మము. కాని వారు గ్రామగ్రామమున చేసిన పని యొకటి ప్రత్యేకముగ స్మరింపదగినది. పటేలు పట్వారీల దస్త్రములను బయటకు తెప్పించి తగులబెట్టించినారు. ఎందుకు? ఆ దస్త్రములలో శిస్తు కలదు, బాకీ కలదు, పట్టాదారు పేరు కలదు. దున్నినవాని చెమట లేదు. ఊరిని గూర్చి వ్రాసిన పుస్తకమంతయు ఊరిపై నెక్కిన వాని చేతివ్రాతయే. దానిని కాల్చుట ఆనాటి పని. దాని స్థానమున వేరొక దస్త్రమును వ్రాయుట మన పని. అది నేటికిని మిగిలియున్నది. ఊరు తన చేతితో తన్ను గూర్చి వ్రాసికొను దస్త్రమది.

ఇది కొత్త మాట కాదు. తెలంగాణమున కవులు లేరని యొకరు వ్రాసినపుడు సురవరము ప్రతాపరెడ్డిగారు కోపపడి యూరకుండలేదు. గోలకొండ పత్రికవారు ఊరూరికి వార్త పంపిరి, పద్యములు తెప్పించిరి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. లేరన్నమాటకు లెక్కయే జవాబైనది. ఇక గంగాధర దగ్గరి కురిక్యాలకు పొండు. అచ్చటి బొమ్మలగుట్టపై, పంపకవి సోదరుడు జినవల్లభుడు పదవ శతాబ్దమున చెక్కించిన శాసనములో తెలుగు కందపద్యములు మూడు గలవు. 2008లో తెలుగునకు ప్రాచీనభాషగా గౌరవము లభించుటకు చూపిన సాక్ష్యములలో ఆ బండయు నొకటి. ఒక కొండమీది వ్రాత ఒక భాషకంతటికి సాక్షియైనది. ఊరిబయటి బండపై సున్నము పూయుటకు ముందు, రంగు వేయుటకు ముందు, ఒక్క క్షణ మాలోచింపుడు.

విదేశముల మాట యొకటి చెప్పెదము. మన జాతీయోద్యమకాలమున ఐర్లండు పేరు మన పత్రికలలో తరచుగ వినబడుచుండెడిది. వారు మనవలెనే ఆంగ్లేయుల పాలన ననుభవించినవారు. 1922లో స్వరాజ్యము వచ్చిన పిమ్మట వారికొక దిగులు పట్టుకొన్నది: జెండా మనదైనది, జ్ఞాపకము మనదిగా మిగులునా యని. 1935లో, అనగా సిరిసిల్ల సభ జరిగిన యేటనే, జానపదవిజ్ఞాన సేకరణకు ఒక సంఘమును స్థాపించిరి. 1937 మొదలు 1939 వరకు ఆ సంఘము ప్రాథమిక పాఠశాలలకు నోటుపుస్తకములిచ్చి, పిల్లలారా, ఇంటికి పోయి అవ్వను తాతను అడిగి వ్రాసికొనిరండని చెప్పినది. సుమారు 5,000 పాఠశాలలనుండి సుమారు 50,000 మంది పిల్లలు వ్రాసిరి. ఊరిబావుల పేర్లు, చిట్కావైద్యములు, అంగడి ముచ్చటలు, 1845 మొదలు వచ్చిన మహాక్షామమున తాతలు విన్న మాటలు, అన్నియు వ్రాసిరి. ఆ పుస్తకములు నేటికిని భద్రముగ నున్నవి. అందు రాజుల కథకంటె రైతుల కథ యెక్కువ. పండితులు తిరిగి సేకరింపజాలని దానిని పదునొకండేండ్ల బిడ్డలు సేకరించిరి. అవ్వ తన ముచ్చటను పండితునికి చెప్పుటకు సిగ్గుపడును. మనుమరాలికి చెప్పుటకు సిగ్గుపడదు.

మన బడులలో ఈ పని చేయరాదా? మీ యూరి పిల్లలు చదువుకొన్నవారు. మీ అవ్వలు మాటకారులు. మధ్యన నుండవలసినది ఒక నోటుపుస్తకము, ఒక ఓపికగల పంతులు. వేములవాడ దగ్గరి హనుమాజిపేటను చూడుడు. ఆ యొక్క యూర సి. నారాయణరెడ్డిగారు పుట్టిరి, ఒగ్గుకథను దేశమునకెరిగించిన మిద్దె రాములును ఆ యూరివాడే. ఒకరి మాట పుస్తకములకెక్కి, జ్ఞానపీఠమునకెక్కి నిలిచినది. ఒగ్గుకథ గొంతునుండి గొంతునకు రావలసినది. ఒక్క తరము వినకున్న ఆ దారి మూసికొనును. మీ యూర ఒగ్గు చెప్పువారిని, శారదకాండ్రను, బతుకమ్మపాట యెత్తుకొను పెద్దమ్మలను వినుటకు ఎవరైన కూర్చుండుచున్నారా?

ఏమి వ్రాయవలెనందురా? నర్మాలయొద్ద మానేటికి నిజాముకాలమున ఆనకట్ట కట్టినారు. అందు మట్టిమోసిన కూలీలెవరు, ఎవరి పొలములు నీటిపాలైనవి, వ్రాయుడు. ఏ చెరువునకు ఏ పేరెందుకు వచ్చినది, మత్తడి దూకిననాడు ఎవరు కావలియుండిరి, వ్రాయుడు. మగ్గము వదలి షోలాపురమునకు, భీవండికి పోయిన నేతగాండ్రను, పిమ్మట దుబాయికి, మస్కటుకు పోయినవారిని, వారిలో తిరిగిరాని వారిని వ్రాయుడు. చేటలో తునికాకు పెట్టుకొని బీడీలు చుట్టి బిడ్డలను చదివించిన తల్లులను వ్రాయుడు. పీరులపండుగనాడు నిప్పులగుండముచుట్టు ఏయే కులములవారు ఆడినారో వ్రాయుడు.

ఒక హెచ్చరిక చేయుట మా విధి. ఊరిచరిత్ర యని పూనుకొని దొరగారి గడిచరిత్ర వ్రాసి ముగించిన గ్రామములు కలవు. వాడవాడకు పోనిది ఊరిచరిత్ర కాదు. మాలమాదిగవాడల వృద్ధులను మొదట అడుగుడు. వెట్టి ఎట్టిదో వారికి తెలిసినంత ఎవరికిని తెలియదు. మసీదుయొద్ద కూర్చుండు తాతను అడుగుడు. 1948 ఆయనకు వేరొక రీతిగ జ్ఞప్తియుండవచ్చును. ఇద్దరు పెద్దలు రెండువిధముల చెప్పినచో, ఒకదానిని కొట్టివేయక రెంటిని వ్రాసి, ఎవరు చెప్పినారో క్రింద వ్రాయుడు. చెప్పినవారు తమ పేరు వద్దన్నచో ఆ మాట పాటింపుడు. నిజమునకు భయపడు జాతీయత జాతికి మేలు చేయదు. దేశమనగా ఈ యూళ్లన్నియు కలిసినది; ఊరు తన బాధను చెప్పుకొన్నంత మాత్రమున దేశము చిన్నబోదు.

పని చిన్నది. ఈ యేడు పది నోటుపుస్తకములు చాలును. ఏడాదికొక దినమున, పేరేదైన పెట్టుకొనుడు, గ్రామసభలో పిల్లలచేత వానిని చదివింపుడు. చెప్పిన అవ్వను ముందువరుసలో కూర్చుండబెట్టుడు. ఆ పుస్తకముల ప్రతులు బడిలో నొకటి, గ్రంథాలయములో నొకటి, పంచాయతీలో నొకటి యుంచుడు. ఒకచోట చెదపట్టినను మరియొకచోట మిగులును.

మేము సాయంకాలమునకు మా యూరికి పోవుదుము. మీ యాలయమున నెవరో దీపమున నూనె చూచి, తక్కువైనచో పోయుదురు. వారి పేరు మేమడుగలేదు. వచ్చు సంవత్సరము మేము మరల వచ్చినపుడు, ఈ యూరి పిల్ల యొకతె తన పుస్తకము తెరచి ఆ పేరు చదివి వినిపింపవలెనని మా కోరిక.