పెద్దదుప్పి: కొట్టుటయా, విడుచుటయా?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నవంబరు మాసము వచ్చెనన్న తెల్లతోక దుప్పుల వేట ముమ్మరమగును. చెట్టుకు కట్టిన మంచెపై చీకటి యుండగనే ఎక్కి కూర్చున్న వేటగాని యెదుటికి, ఏ ఏడెనిమిది గంటల వేళనో, మెడ బలిసి, కొమ్ములు కొమ్మలు వేసిన పెద్ద మగదుప్పి వచ్చి నిలుచును. తుపాకియో, విల్లో అతని చేత నున్నది. అనుమతిపత్రము జేబులో నున్నది. చట్టము అడ్డు చెప్పదు. అయినను ఆ క్షణమున చేయి వెనుకకు తీయువారు పలువురు గలరు. కొట్టుటయా, విడుచుటయా అను ఈ ప్రశ్ననే ఈ సాయంకాలము మేము ముచ్చటింపదలచినాము.

మన దేశమున ఈ ప్రశ్నకు తావు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పిమ్మట వినోదమునకై వేటాడుట నేరమైనది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువగు కృష్ణజింకను చంపినవాడు చెరసాలకు పోవలసినదే. కావున, ‘ఇందులో ఆలోచింపవలసిన దేమున్నది, వద్దనియే గదా చెప్పవలసినది’ అని మన శ్రోతలకు తోచుట సహజము. ఆ దేశపు లెక్క వేరు.

1900 ప్రాంతమున అచ్చట తెల్లతోక దుప్పులు అయిదు లక్షలకు మించి లేవని అంచనా. మాంసమును, తోళ్లను అంగళ్లకు అమ్ముకొను వేటగాండ్రు వాటిని ఆ స్థితికి తెచ్చిరి. ఆ సంవత్సరముననే లేసీ చట్టము ఆ వ్యాపారమునకు కళ్లెము వేసినది. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టము తుపాకులపైనను, తూటాలపైనను వచ్చు పన్నును వన్యప్రాణుల పోషణకు కేటాయించినది. నేడు ఆ దుప్పులు సుమారు మూడు కోట్లు. తోడేళ్లు చాల ప్రాంతములనుండి తొలగిపోయినవి. మొక్కజొన్న చేలు, సోయా చేలు మేతకు సిద్ధముగ నున్నవి. వేట లేనిచో ఆ మంద అడవిలో లేతమొక్కను మిగులనీయదు, రైతునకు పంట మిగులనీయదు. రాత్రివేళ మోటారుకార్లకు అడ్డువచ్చి తాను చచ్చుటయే గాక మనుష్యులను చంపును. అందుచే అచ్చట వేట యనునది ప్రభుత్వపు లెక్కలలో నొక పని.

అయితే మందను తగ్గించునది ఆడుదుప్పిని కొట్టుటయే గాని మగదానిని కొట్టుట కాదు. ఒక మగది పోయిన మరియొకటి దాని చోట నిలుచును. ఆడుది మేత బాగున్న తావున ఏటేట రెండేసి పిల్లల నీనును. గోడకు తగిలించుకొనదగిన కొమ్ములదానిని కొట్టి, ‘అడవికి మేలు చేసితిని’ అని చెప్పుకొనువాని మాట మేము అంతగా నమ్మము. అది వాని కోరిక. కోరికను కోరిక యని ఒప్పుకొనుట మర్యాద.

ఆ కోరికకు కొలబద్దలు కూడ కలవు. 1887లో థియొడోర్ రూజ్‌వెల్టు మొదలగువారు స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు 1950లో కొమ్ములను అంగుళములలో కొలుచు పద్ధతిని స్థిరపరచినది. సమముగ పెరిగిన కొమ్ములు 170 అంగుళములకు వచ్చినచో వారి శాశ్వత పట్టికలో చోటు దొరకును. 1993లో కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రమున ఒక రైతు కొట్టిన దుప్పికి 213 అంగుళముల పైచిలుకు లెక్క వచ్చినది. ఈ కొలతలు వచ్చిన పిదప దుప్పిని చూచుటకు ముందే అంగుళములను చూచు కళ్లు తయారైనవని మా అభిప్రాయము.

మరి ముదిరినదని తెలియుటెట్లు? కొమ్ములను మాత్రమే చూచి వయస్సు చెప్పువాడు మోసపోవును. మన కృష్ణజింక కొమ్ము మొలిచినది మొదలు చచ్చువరకు నిలుచును. తెల్లతోక దుప్పి కొమ్ములట్లు గావు. వసంతమున మొలిచి, మెత్తని నూగుతోలు కప్పుకొని వేసవియంతయు పెరిగి, ఆ వేసవి చివర గట్టిపడి, చలికాలమున ఊడి నేలబడును. మరుసటి యేడు మరల మొదటినుండి. అయిదు మొదలు ఏడేండ్ల నడుమ అవి నిండుగ వచ్చును. మేత చాలని యేడు పెద్దదియు చిన్న కొమ్ములే వేయును. అందుచే తెలిసినవాడు ఒడలిని చూచును. కుర్రదాని కాళ్లు పొడవు, నడుము సన్నము, మెడ సన్నము. ఆడుదానికి కొమ్ములు పెట్టినట్లుండును. ముదిరినదాని మెడ రొమ్ములో కలిసిపోవును, పొట్ట జారును, వెన్ను కొంచెము వంగును, కాళ్లు పొట్టియైనట్లు కనబడును. ఇదియంతయు పొదల నడుమ, గుండె దడదడలాడుచుండగా, కొన్ని క్షణములలో చూచుకొనవలెను. చచ్చిన దుప్పి దవడపండ్ల అరుగుదలనుబట్టి వయస్సు కట్టు పద్ధతి 1949లో న్యూయార్కు రాష్ట్రమున వెలువడినది. పంటి మూలమున ఏటేట పడు పొరలను, మ్రానిలోని వలయములవలె, లెక్కించుటయు కలదు. కాని అప్పటికి తీర్పు అమలైపోయినది!

కుర్రదానిని విడుచుట విషయమున మాకు సందేహము లేదు. పెన్సిల్వేనియాలో 2002కు పూర్వము చంపబడు మగవాటిలో ఎక్కువ భాగము ఒకటిన్నర యేండ్లవియే. ఆ సంవత్సరమున ఒక ప్రక్క కొమ్మునకు కనీసము మూడు, కొన్నిచోట్ల నాలుగు కొనలు ఉన్నగాని కొట్టరాదని నిబంధన చేసిరి. కుర్రవి బ్రతికి పెద్దవైనవి. కాని అయిదేండ్లు నిండినదానిని విడుచుట వేరు. దానికి పెరుగవలసినది కొంచెమే. జతకూడు దినములలో మేత మరచి తిరిగి ఒడలి బరువులో అయిదవ వంతునో, అంతకు మించియో పోగొట్టుకొని, పోరాటపు గాయములతో మంచుకాలమున అడుగుపెట్టును. కంచె దాటినచో పొరుగువాని తుపాకికి ఎదురగును. ఆ దేశమున నేల యజమానిదే గాని దానిపై తిరుగు దుప్పి రాష్ట్రప్రజలందరిది. ఒహాయోలో ఒక్కొక్క వేటగానికి ఏడాదికి ఒక్క మగదుప్పికే అనుమతి. నేడు విడిచినవానికి అది మరల కనబడునను నమ్మకము లేదు. నేడు కొట్టినవాడు రేపు దానికంటె పెద్దది వచ్చినను చూచుచు కూర్చుండవలసినదే.

మంచి కొమ్ములదానిని మిగిల్చిన మంచి సంతతి కలుగునను వాదమొకటి కలదు. మేలుజాతి ఆబోతును మందలో నిలుపు మన రైతునకు ఈ మాట ఇట్టే రుచించును. కాని అడవి దొడ్డి కాదు. జన్యుపరీక్షలు చేసిన శాస్త్రజ్ఞులకు కుర్రవియు తండ్రులగుచున్నట్లు తేలినది. ఒకే కాన్పు కవలలకు ఇద్దరు తండ్రులుండుటయు కలదు. పైగా కొమ్ములు లేని తల్లి ఇచ్చు సగపాలు కంటికి కనబడునది కాదు. మరియొక ప్రక్క, కెనడాలోని ఆల్బర్టాలో రామ్ పర్వతముపై పెద్దకొమ్ముల కొండపొట్టేళ్లను దశాబ్దములు ఏరి కొట్టగా కొమ్ములు చిన్నవగుచు వచ్చినవని 2003లో ప్రకటించిరి. అందు వేట పాలెంత యను వాదము తరువాతను సాగినది. ఆ పొట్టేళ్లలో త్వరగా కొమ్ములు పెరిగినది, సంతతిని పెంచు ప్రాయము రాకమునుపే ప్రాణము పోగొట్టుకొనును. పలుమార్లు జతకూడిన ముదురు దుప్పిని కొట్టుటకును, దానికిని భేదము కలదు.

ఇటీవల మరియొక చిక్కు వచ్చిపడినది. 1967లో కొలరాడోలో, పరిశోధనకై పెంచుచున్న దుప్పులలో మొదట కనబడిన క్షీణరోగము 2002లో విస్కాన్సిన్‌లో బయటపడినది. అది మెదడును చెఱచు రోగము. మందు లేదు, సోకినది బ్రతుకదు. ఆడువాటికంటె ముదురు మగవాటిలో ఎక్కువగ కనబడును. రోగమున్న తావున ముదురుదానిని విడుచుట దయ యని మేము చెప్పజాలము. అచ్చట కొట్టినదాని మాంసమును పరీక్షింపించి, రోగము లేదని తేలినగాని తినరాదని వైద్యుల హెచ్చరిక.

మన కృష్ణజింకయు ఈ వేటలెక్కలో చేరినది. 1932లో టెక్సాసునకు కొనిపోబడి అచ్చటి గడ్డినేలలలో వృద్ధిపొందినది. పరదేశపు జంతువగుటచే అచ్చట దానికి వేటకాల నియమము లేదు. స్థలయజమానికి సొమ్ము చెల్లించి ఏ మాసమందైనను కొట్టవచ్చును. ఇచ్చట రోళ్లపాడు గడ్డినేలలో మేయు దాని దాయాదిని కొట్టిన శిక్ష తప్పదు.

మమ్ము నడిగినచో, ముందు ఇంటి మాంసమునకు ఆడుదుప్పిని కొట్టి, పిదప పెద్దదాని మాట తలపవలెనందుము. వయస్సు తెలియనిచో విడువవలెను. దూరము ఎక్కువైనను, కొమ్మలు అడ్డమున్నను, ఎంత పెద్దదైనను విడువవలెను. గాయపడి పొదలలో పడి చచ్చు దుప్పి ఎవ్వరికి కాకుండ పోవును. ముదిరినదని తెలిసి, గురి కుదిరి, మాంసము వృథాపోదని నమ్మకమున్నచో కొట్టుటలో మాకు తప్పు కనబడదు. విడిచినవారును ఊరకుండరు. చలికాలము వెళ్లు దినములలో పొలము గట్లవెంట, వాగుల ఒడ్డున ఊడిన కొమ్ములకై తిరుగుదురు. ఎరిగిన కొమ్ము చేతికి దొరికినచో, ఆ దుప్పి వేటకాలము దాటి బ్రతికినదని గుర్తు.