కిడ్నీ తనంతట తానే పగిలితే

 

ప్రతి ఏడూ ఈ వేదిక మీద షుగరు గురించో బీపీ గురించో మాట్లాడుకుంటాం. ఈసారి చాలామంది వినని జబ్బును ఎంచుకున్నాం. దెబ్బ తగలకుండానే కిడ్నీ, మన ఇళ్ళలో గుర్దా అంటాం, పగిలి లోపల రక్తం కారడం. మేము డాక్టర్లం కాము, రోగుల వెంట దవాఖానలకు తిరిగే వాళ్ళం. డాక్టర్లను అడిగి తెలుసుకున్నదే చెబుతున్నాం.

మా వీధిలో ఒక ఖాలా ఉంది. ఒక రాత్రి అన్నం తిన్నాక ఎడమ పక్కన, పక్కటెముకల కింద, బాకుతో పొడిచినట్టు నొప్పి లేచింది. గ్యాస్ అనుకొని గోళీ ఇచ్చింది మేమే. తగ్గకపోతే నొప్పి సూది వేయించిందీ మేమే. మూత్రం మామూలుగానే వస్తోంది, కాబట్టి కిడ్నీ అని ఎవరికీ తట్టలేదు. తెల్లారేసరికి చల్లని చెమటలు పట్టాయి. లేచి నిలబడబోయి కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పుడు 108కి ఫోన్ చేశాం. వర్ధన్నపేట నుంచి వరంగల్ ఎంత దూరమని! రాత్రంతా ఇంట్లోనే పోగొట్టాం.

గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు రెండు కిడ్నీలకే పోతుంది, అంటే నిమిషానికి లీటరుకు పైమాటే. అలాంటి చోట నాళం తెగితే ఎంత రక్తం పోతుందో ఊహించండి. ఆ రక్తం బయటికి రాదు, పొట్ట వెనక భాగంలో గడ్డకడుతుంది. కిడ్నీ చుట్టూ ఉండే పొర కొంతసేపు దాన్ని అదిమి పడుతుంది. అందుకే మొదట మనిషి బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు. పక్క నొప్పి, అక్కడ గడ్డలా తగలడం, బీపీ పడిపోవడం, ఈ మూడూ దీని గుర్తులు. కానీ మూడూ అందరిలో ఒకేసారి కనిపించవు. 1856లో దీన్ని వివరించిన జర్మన్ వైద్యుడు వుండర్‌లిష్ పేరే ఈ జబ్బుకు పెట్టారు. జ్వరాన్ని థర్మామీటరుతో కొలిచి పట్టిక రాయడం దవాఖానలకు అలవాటు చేసిందీ ఆయనే.

మంచి కిడ్నీ ఊరికే పగలదు. లోపల ముందే ఏదో ఉంటుంది. ఎక్కువగా కనిపించేది ఆంజియోమయోలిపోమా అనే గడ్డ. కొవ్వు, కండర కణాలు, బలహీనమైన రక్తనాళాలు కలిసి పెరిగేది. క్యాన్సరు కాదు, ఆడవాళ్ళలో ఎక్కువ. నాలుగు సెంటీమీటర్లు దాటితే పగిలే భయం పెరుగుతుంది, గర్భంతో ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ. ఖాలాకు ఉన్నదీ ఇదే. కొందరిలో కిడ్నీ క్యాన్సరు ఇలాగే మొదటిసారి బయటపడుతుంది. రక్తనాళాల వాపు జబ్బులు, షుగరు ఉన్నవాళ్ళలో కిడ్నీకి పట్టే చీము కూడా కారణాలే. ఏళ్ళ తరబడి డయాలసిస్ చేయించుకునే వారి కిడ్నీల్లో నీటి తిత్తులు ఏర్పడి పగలవచ్చు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. గుండె కవాటం మార్పించుకొని రక్తం పలచబడే మాత్రలు వాడేవారు చెప్పిన గడువుకు ఐఎన్‌ఆర్ పరీక్ష చేయించుకోవాలి. వాళ్ళు నొప్పి గోళీలు సొంతంగా మింగకూడదు. అలాగని భయపడి గుండె మాత్ర మానేయకూడదు, అదీ ప్రాణం మీదికే వస్తుంది. రాయి అడ్డుపడి మూత్రం ఒత్తిడికి లోపల చిరగడం మాత్రం వేరే సంగతి. దానికి చాలాసార్లు స్టెంటు సరిపోతుంది.

వైద్యంలో మొదటిది సెలైన్, రక్తం ఎక్కించడం. మనిషి నిలదొక్కుకోగానే సీటీ స్కాన్. రక్తం ఆగిపోయి ఉంటే మంచం మీదే ఉంచి కనిపెట్టి చూస్తారు. ఆగకపోతే తొడ మొదట్లోని నాళం నుంచి సన్నని గొట్టం పంపి, తెగిన నాళాన్ని మాత్రం మూసేస్తారు. దీన్నే ఎంబోలైజేషన్ అంటారు. కిడ్నీ దక్కుతుంది. ఇది చేసే నిపుణులు అన్నిచోట్లా ఉండరు, అందుకే బయలుదేరే ముందే ఫోన్ చేసి అడగాలి. ఏదీ కుదరనప్పుడే కిడ్నీ తీసేస్తారు. రెండోది బాగుంటే ఒక్కదానితో బతుకు సాగుతుంది. ఇంటికొచ్చాక కొన్ని నెలలకు మళ్ళీ స్కాన్ తప్పనిసరి. గడ్డకట్టిన రక్తం చాటున చిన్న క్యాన్సరు దాగి ఉండవచ్చు.

ఖర్చు సంగతి. 2023 డిసెంబరు నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు. రేషను కార్డు, ఆధార్ కార్డు, పాత రిపోర్టులు ఒకే సంచిలో పెట్టుకోండి. ఖాలా ఇంట్లో ఆ కాగితాలు మూడు పెట్టెల్లో వెతికాం.

ఇక రక్తం. ఆమెది ఓ నెగెటివ్. ఇరవై మందికి ఫోన్ చేశాం. సగం మందికి తమ గ్రూపే తెలియదు. 18 ఏళ్ళు నిండి, 45 కిలోల బరువుండి, ఆరోగ్యంగా ఉన్నవారు ఇవ్వవచ్చు. మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి. రంజాన్‌లో ఇఫ్తార్ అయ్యాక ఇవ్వండి. గుమ్మం దగ్గర రిజిస్టరు పెట్టాం. పేరు, గ్రూపు, ఫోన్ నంబరు రాసి వెళ్ళండి. గ్రూపు తెలియనివాళ్ళు ఆ గడి ఖాళీగా వదలండి, పరీక్ష మేము చేయిస్తాం.

ఖాలా ఇప్పుడు బాగుంది, కిడ్నీ కూడా దక్కింది. వచ్చే నెల మళ్ళీ స్కాన్ ఉంది. ఆమెతో వెళ్ళే వంతు ఈసారి మా కోశాధికారిది.