బట్టమీది గుర్తులు



మా తండ్రిగారు చలికాలమున కప్పుకొనుచుండిన ఉన్నిశాలువ యొకటి నాయొద్ద నుండెను. వారు గతించిన యేట, దానిని నా చేతులతోనే యుతుకవలెనని మిక్కిలి వేడినీట ముంచి, గట్టిగా పిసికి ఆరవేసితిని. ఆరినపిమ్మట చూతునుగదా, అది పసిబిడ్డకు మాత్రమే చాలునంతటిదై, అట్టవలె బిగిసియుండెను. ఉన్నిపోగుపై సూక్ష్మమైన పొలుసులుండును. వేడినీట పిసికినచో నవి యొకదాని నొకటి పట్టుకొని మరల విడువవు.

అంచున కుట్టిన చిన్నపట్టీని నేనప్పుడు చూచితిని. దానిపై నొక నీటితొట్టి, తొట్టిలో నొక చేయి. చేతితో మెల్లగా నుతుకుడు, నీటివేడి 40 డిగ్రీలు మించరాదని దాని యర్థము.

1963లో పారిసున నేర్పడిన జినెటెక్సు సంఘము ఇట్టి గుర్తులను దేశదేశముల వ్యాపింపజేసినది. తొట్టి యుతుకుటకు, త్రిభుజము బ్లీచింగునకు, చతురస్రము ఆరబెట్టుటకు, వృత్తము డ్రైక్లీనింగునకు గుర్తులు. తొట్టిలోని యంకె నీటివేడికి హద్దేకాని యాజ్ఞ కాదు. అంతకు తక్కువ వేడియు చెల్లును. ఇస్త్రీపెట్టె బొమ్మలో నొక చుక్కయున్న తక్కువ వేడి, రెండున్న మధ్యమము, మూడున్న నెక్కువ వేడి చెల్లును. ఏ గుర్తును కొట్టివేసియున్న నా పని కూడదు.

అక్షరము రానివారికిని తెలియునట్లు గీసినదానిని, చదువుకొనిన నేను చూడనైతిని. మీ యింట పెద్దల జ్ఞాపకముగా నున్న వస్త్రమును నీట ముంచుటకు ముందు, లోపలి కుట్టు నొకసారి త్రిప్పి చూడుడు. ఆ శాలువ యిప్పటికిని నా పెట్టెలో నున్నది. కప్పుకొనుటకు మాత్రము పనికిరాదు.