సాగే కుచ్చుల టాపు

కంచరపాలెం మెట్టు దగ్గర ఓ కుట్టుమిషనావిడని "స్మాకింగ్ టాపు కుడతారా?" అనడిగితే, "ఏటమ్మా, పొగతాగడమా?" అని నవ్వింది. గుడ్డ చూపించగానే "ఓస్, ఎలాస్టిక్ కుచ్చులేనా!" అంది.

పేరు మాత్రం ఇంగ్లండు పొలాలది. 18, 19 శతాబ్దాల్లో అక్కడి రైతుకూలీలు తొడుక్కున్న వదులు చొక్కాయే స్మాక్. దానికి ఎలాస్టిక్ ఉండేది కాదు. గుడ్డని సన్నటి మడతలుగా పోగేసి, ఆ మడతల మీదే సూదితో అల్లిక వేస్తే ఒంటికి తగ్గట్టు సాగేది.

ఇప్పుడు మిషనుమీద పైన మామూలు దారం, బాబిన్‌లో ఎలాస్టిక్ దారం. దాన్ని లాగకుండా చేత్తోనే చుట్టాలి, కిటుకంతా అక్కడే ఉంది. అరంగుళం ఎడంతో వరసలు కుట్టి ఆవిరి పట్టిస్తే గుడ్డ చటుక్కున ముడుచుకుంటుంది. అందుకే ఛాతీ కొలతకి రెండింతల దాకా గుడ్డ తీసుకోవాలి.

మన సముద్రపు ఉక్కకి పల్చటి నూలుగుడ్డే నయం. ఒంటిమీద గీతలు పడేంత బిగుతు వద్దు. పైనంతా కుచ్చులే కనక కింద సాదా ప్యాంటు చాలు, నాకైతే పొడుగు లంగానే ఇష్టం. ఉతికాక టాపుని తీగకి వేలాడదీస్తే నీళ్ల బరువుకి సాగిపోతుంది, పరిచి ఆరెయ్యండి. కుచ్చుల మీద ఇస్త్రీపెట్టె ఆనించొద్దు.