కొళాయి గొట్టములు - గృహస్థుల జాగ్రత్తలు

నీరు పల్లమెరుగునని సామెత. గొట్టము పగిలిన యింట నీటికి ఎవరును త్రోవ చూపనక్కరలేదు. గోడలోనికి, పునాదిలోనికి తానే వెదకికొని పోవును. కావున గృహస్థు మొదట నేర్వవలసినది మరమ్మతు కాదు, నీటిని ఎచ్చట కట్టవలయునో తెలిసికొనుట.

తోటపల్లి గూడూరు వంటి సముద్రతీర ప్రాంతములలో తీయని నీటి విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 2019 ఆగస్టు 15వ తేదీన ప్రకటింపబడిన జలజీవన పథకము మనిషికి దినమునకు 55 లీటర్ల నీటిని లక్ష్యముగా పెట్టుకొన్నది. సెకనుకొక బొట్టు కారు కొళాయి దినమునకు 86,400 బొట్లు విడుచును. ఇరువది బొట్లు ఒక మిల్లీలీటరని లెక్కించినచో నెలకు సుమారు 130 లీటర్లు. ఒక మనిషికి రెండు దినములకు మించిన నీరు!

నేడు పెక్కు ఇండ్లకు నీరు రెండు దారుల వచ్చుచున్నది: వీధి గొట్టము ఒకటి, మిద్దెమీది తొట్టి రెండవది. వీధి వాల్వు కట్టినంత మాత్రమున తొట్టినీరు ఆగదు. ముందు మోటారు ఆపి, పిదప తొట్టి క్రింది వాల్వును కుడివైపునకు త్రిప్పి కట్టవలయును. గేటువాల్వును సగము తెరచి ఉంచరాదు; పూర్తిగా తెరువవలెను, లేదా పూర్తిగా మూయవలెను. ఉప్పుగాలికి ఇనుము త్వరగా త్రుప్పు పట్టును. నెలకొకసారి త్రిప్పి చూడని వాల్వు అవసరమునకు కదలదు. బలవంతపెట్టినచో కాడ విరుగును. తడి గోడలో విద్యుత్తు స్విచ్చి ఉన్నచో దానిని ముట్టరాదు. మెయిను స్విచ్చి పొడినేలపై ఉన్నప్పుడే దానిని ఆపవలెను.

కొళాయి బొట్లు కారుచున్నచో తరచుగా అరిగినది వాషరే. మరకీలు కారుచున్నచో విప్పి, తుడిచి, మరల దిశగా టెఫ్లాన్ టేపు చుట్టి బిగింపవలెను. ప్లాస్టిక్ గొట్టము చీలినచో ఆ ముక్కను కోసివేసి, పొడిగా తుడిచి, కొత్త ముక్కను జోడుతో అతికింపవలెను. పనివాడు వచ్చులోపల పాత సైకిలు ట్యూబును సాగదీసి గట్టిగా చుట్టినచో కొంత ఆగును.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి ఒకటి కలదు. నీరు వచ్చునప్పుడు బయటికి కారు చిల్లు, సరఫరా ఆగినప్పుడు బయటి మురుగును లోనికి పీల్చుకొనగలదు. వీధి గొట్టమునకే మోటారు తగిలించినచో ఈ అపాయము మరింత హెచ్చును. 1854లో లండను నగరమున బ్రాడ్ వీధి బావిలోనికి మురుగు ఊరగా, కలరా వందలాది ప్రాణములను బలిగొన్నది. నీటికిని ఆ వ్యాధికిని గల సంబంధమును గుర్తించినవాడు డాక్టరు జాన్ స్నో. 2023 డిసెంబరునాటి మిగ్‌జాం తుపాను వంటి వానలలో గుంతలు నిండి గొట్టములు మునుగునప్పుడు ఈ మాట మరువరాదు. కాలువలో మునిగిన గొట్టము కారుచున్నచో వెంటనే పంచాయతీవారికి తెలుపుడు. మరమ్మతు పిమ్మట మొదటి నీటిని పారబోయుడు, త్రాగునీటిని కాచుకొనుడు.

వాల్వు ఉన్న చోటు యింటి యజమానికి మాత్రమే తెలిసిన చాలదు. పగటివేళ ఇంట నుండు స్త్రీలకు, వృద్ధులకు, ఎదిగిన పిల్లలకు నేడే చూపి, వారిచేతనే ఒకసారి త్రిప్పించుడు.