ఆ మూడవ మనిషి సంగతి ఏమిటి?

 

గత నెలలో ఒక చెల్లెమ్మ ఉత్తరం వ్రాసింది. ఊరు పేరు చెప్పను గాని మన కోనసీమ బిడ్డే. ఇంట్లో పెద్దలు సంబంధం కుదిర్చారట. అబ్బాయికి గల్ఫ్‌లో ఉద్యోగం. తాగుడు లేదు, నెమ్మదస్తుడు. ప్రధానం కూడా అయిపోయింది. ఈలోగా ఆమె పనిచేసే చోట మరొక యువకుడు పరిచయమయ్యాడు. ఇతనికి ఇంకా స్థిరమైన ఉద్యోగం లేదు. అయినా మనసు అటే వెళ్ళిపోయిందట. ఉత్తరం చివర ఇలా వ్రాసింది: "అయ్యగారూ, మొన్న టీవీలో బొమ్మరిల్లు వచ్చింది. చూసి రాత్రంతా ఏడ్చాను. నేనేం చేయాలి?"

ప్రసంగంలో సినిమా ఏమిటని కొందరు పెద్దలు అనుకోవచ్చు. మన పిల్లలు పెళ్ళి గురించి మనల్ని అడిగేకంటే ముందు సినిమాను అడుగుతున్నారు. అది చెప్పే జవాబు ఏమిటో మనం కూడా తెలుసుకోవాలి కదా!

2001లో 'నువ్వు నాకు నచ్చావ్' వచ్చింది. నందినికి నిశ్చితార్థం అవుతుంది. ఆ ఇంటికి తండ్రి స్నేహితుని కొడుకు వెంకీ వచ్చి ఉంటాడు. అనుకోకుండా ఇద్దరి మనసులూ కలుస్తాయి. స్నేహితులైన ఇద్దరు తండ్రుల మధ్య చిచ్చు పెట్టకూడదని వెంకీ తన ప్రేమను దాచుకొంటాడు. 2006లో 'బొమ్మరిల్లు' వచ్చింది. తండ్రి కుదిర్చిన సుబ్బులక్ష్మితో సిద్ధుకు నిశ్చితార్థం అవుతుంది. ఆ తరువాత హాసిని కనబడుతుంది. రెండింటిలోనూ తండ్రి వేషం ప్రకాష్‌రాజ్‌గారిదే. ఒకదానిలో అమ్మాయి తండ్రి, ఇంకొకదానిలో అబ్బాయి తండ్రి. రెండు కథల్లోనూ ఒక ప్రక్క పెద్దలు కుదిర్చిన భద్రమైన సంబంధం, మరో ప్రక్క ఎదురుచూడని ప్రేమ. ఏది గెలుస్తుందో మీకు తెలుసు.

ఆ రోజుల్లో నగరం నుండి మా సంఘ యువకులు నలుగురు నన్ను కూడా లాక్కొనిపోయారు. వైనతేయ దాటి అమలాపురం వెళ్ళి బొమ్మరిల్లు చూశాము. సిద్ధు తన తండ్రి ముందు నిలబడి మనసు విప్పి మాట్లాడినప్పుడు హాలంతా చప్పట్లు. నా ప్రక్కనున్న కుర్రవాడు కళ్ళు తుడుచుకొంటున్నాడు. నేను మాత్రం సుబ్బులక్ష్మి గురించి ఆలోచిస్తూ ఉండిపోయాను. ఆమె చేసిన తప్పేమిటి? పెళ్ళి రద్దు చేయమని సిద్ధు ఆమెనూ ఆమె తలిదండ్రులనూ బ్రతిమాలుతాడు. వాళ్ళు ఒప్పుకొంటారు. అక్కడితో కథకు ఆమెతో పని తీరిపోయింది. ఇంటికి వెళ్ళి ఆమె ఆ రాత్రి అన్నం తిన్నదా అని ఎవ్వరూ అడగలేదు.

నాకెందుకు ఆ ఆలోచన వచ్చిందో ఈ రోజు చెబుతాను. ప్రియులారా, ఒకప్పుడు నేనే ఆ మూడవ మనిషిని.

ముప్పై ఏళ్ళ పైమాట. నాకు కొత్తగా మేష్టారు ఉద్యోగం వచ్చింది. గవర్నమెంటు సంబంధమంటే ఆ రోజుల్లో ఎంత విలువో మీకు చెప్పనక్కరలేదు. ఏటి అవతలి ఊరి అమ్మాయితో ప్రధానం జరిగింది. ఆదివారం ఆరాధనలో మొదటి పెళ్ళి ప్రకటన చదివారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయవలెనని అయ్యగారు అడిగారు. ఎవ్వరూ లేవలేదు. మా నాన్న పందిరికి తాటాకులు కూడా చెప్పేశాడు.

ఆ బుధవారం ఆమె తన తండ్రిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు. "మేష్టారూ, మీలో ఏ లోపమూ లేదు. నా మనసు వేరొకరి దగ్గర ఉంది. ఈ మాట ప్రధానానికి ముందే చెప్పవలసింది, భయపడ్డాను. క్షమించండి" అంటూ ఉంగరం తీసి మా అమ్మ చేతిలో పెట్టింది. ఆమె తండ్రి తలవంచుకొని నిలబడ్డాడు.

నాకు కోపం వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాను. స్కూల్లో పిల్లలు కూడా నా వైపు జాలిగా చూస్తున్నారనిపించేది. ఏడాదిపాటు ఎవరి పెళ్ళికీ వెళ్ళలేదు. అయితే తరువాత నాకు తెలిసివచ్చింది ఏమిటంటే, ఆమె నన్ను అవమానించలేదు, గౌరవించింది. ఆ నిజం నన్ను ఒక సంవత్సరం బాధపెట్టింది. ఆమె మౌనంగా తలవంచి తాళి కట్టించుకొని ఉంటే, ఒకే ఇంట్లో ఇద్దరమూ జీవితమంతా ఒంటరివాళ్ళమై ఉండేవాళ్ళం. ఆ తరువాత దేవుడు నాకిచ్చిన భార్య, మీ అమ్మగారు, ఈ మాటలు ప్రక్కగదిలో వింటూనే ఉంది.

ఇప్పుడు రూతు కథను జ్ఞాపకం చేసుకోండి. బోయజుకు రూతు మీద ప్రేమ ఉంది. రూతే స్వయంగా వచ్చి అడిగింది. అయినా బోయజు ఏం చేశాడు? తనకంటే దగ్గరి బంధువుడు ఒకడున్నాడని, ముందు హక్కు అతనిదేనని ఆ రాత్రే రూతుతో చెప్పాడు. తెల్లవారగానే పురద్వారం దగ్గరకు వెళ్ళి, పదిమంది పెద్దలను కూర్చోబెట్టి, అందరి ఎదుట ఆ బంధువుణ్ణి అడిగాడు. పొలం విడిపించడానికి అతను మొదట సరేనన్నాడు. పొలంతోపాటు రూతును కూడా స్వీకరించాలనగానే, తన స్వాస్థ్యం పాడవుతుందని తప్పుకొన్నాడు. భద్రత చూసుకొన్నవాడు అతను. ఆ మనిషి పేరు కూడా గ్రంథంలో లేదు. అయినా బోయజు అతనికి తెలియకుండా ఏమీ చేయలేదు. దొంగచాటున రూతును తీసుకొనిపోలేదు. అతని నోట కాదనిపించుకొన్న తరువాతే ఆమెను స్వీకరించాడు.

గమనించారా? నిజమైన ప్రేమ మూడవ మనిషిని దాటుకొని పోదు. అతని ముందు నిలబడి మాట్లాడుతుంది.

సినిమాలో ఈ మాటలన్నీ పెళ్ళి దగ్గరపడ్డాక, కొన్నిసార్లు పందిట్లోనే వస్తాయి. కథ రక్తి కట్టాలి కదా! మన పెద్దలు తెలివైనవారు. చాలా సంఘాల్లో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. నోరు విప్పడానికి భయపడే వారికి మూడు వారాల గడువు అది. దానిని లాంఛనం చేసేశాము. తలిదండ్రులారా, ఆ మూడు వారాల్లో ఒక్కసారైనా మీ బిడ్డను ప్రక్కన కూర్చోబెట్టుకొని, "అమ్మా, నీకు ఇష్టమేనా?" అని అడిగారా? అడిగి, జవాబు వినేంతవరకు ఆగారా?

బొమ్మరిల్లు చివరిలో ఒక మంచి సంగతి ఉంది. హాసిని తండ్రి కనకారావు ఒప్పుకోకపోతే, సిద్ధును వారం రోజులు మీ ఇంట్లో ఉంచుకొని చూడండి అంటాడు అరవింద్. అంతకుముందు హాసిని కూడా వాళ్ళింట్లో అలాగే ఉంది. ప్రేమ నిజమైతే నలుగురి మధ్య, ఇంటి వెలుగులో పరీక్షకు నిలబడాలి. చెల్లెమ్మా, ఆ యువకుడు మీ నాన్నగారి ముందుకు వచ్చి కూర్చోగలడా? కూర్చోగలిగితే అతని మాటకు విలువ ఉంది. ఎవరికీ చెప్పకు, వెళ్ళిపోదాం రా అంటే మాత్రం జాగ్రత్త. గల్ఫ్ జీతం చూసి పెళ్ళాడటం ఎంత బలహీనమైన పునాదో, ఒక పాట చూసి పెళ్ళాడటం కూడా అంతే.

భద్రత కోరుకోవడం పాపం కాదమ్మా. మంచి అబ్బాయిని పెద్దలు చూపిస్తే, అతనిని ప్రేమించడం నేర్చుకొని చల్లగా కాపురం చేసినవారు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. కాబట్టి ఎవరిని చేసుకోవాలో నేను చెప్పను, అది నాకు తగదు. ముందుగా ఎవరితో మాట్లాడాలో చెబుతాను. మీ అమ్మానాన్నలతో మాట్లాడు. ఆ తరువాత వాళ్ళను ప్రక్కన ఉంచుకొని గల్ఫ్‌లో ఉన్న ఆ అబ్బాయికి ఫోను చేయి. ఎండలో కష్టపడుతూ, నీ కోసం చీర కొని పెట్టెలో సర్దుకొంటున్నాడేమో! నీ మనసులో ఉన్నది అతనికి ఇతరుల నోట తెలియకూడదు, నీ నోటనే తెలియాలి. అతను బాధపడతాడు. నేనూ పడ్డాను. బ్రతికాను.

ప్రార్థించుకొందాము. మా తండ్రీ, నిర్ణయం తీసుకోలేక నిద్రలేని బిడ్డలకు నిజం పలికే ధైర్యం దయచేయుము. తలిదండ్రులకు వినే చెవులనిమ్ము. విడిచిపెట్టబడినవారిని నీవు విడిచిపెట్టకుము. ఆమేన్.